వానలో పరిగెత్తేవారికి గట్టి నేల కావాలి
శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



సైన్యంలో చేరాలనుకునే ఉత్తరాంధ్ర కుర్రాడికి పరీక్షా, వానా ఒకేసారి వస్తాయి. అగ్నిపథ్ పథకం మొదలైన 2022లో విశాఖపట్నం ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో అగ్నివీర్ నియామక ర్యాలీ ఆగస్టు 14 నుంచి 31 వరకు జరిగింది. తర్వాతి ఏడాదుల్లో కూడా విశాఖ ర్యాలీలు వానాకాలంలోనే పడ్డాయి. అంటే అభ్యర్థి కాళ్లు పదునెక్కాల్సిన జూన్, జులై నెలలు నైరుతి రుతుపవనాల నెలలు. జిల్లాలో ఏడాదికి కురిసే సుమారు 1100 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యే పడుతుంది. వాన వెలిశాక పరిగెడదాంలే అని కూర్చున్నవాడికి ర్యాలీ దాటిపోతుంది. భావనపాడు, నౌపడ, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, మందస పిల్లలు వానలోనే సాధన చేయక తప్పదు. ఎక్కడ చేస్తున్నారు, ఏం తెలిసి చేస్తున్నారు, ఏం తెలియక ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు అన్నది మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

ఈ తీరంలో యూనిఫాం ఉద్యోగం మీద ఆశ ఎందుకంత గట్టిదో మీకు తెలియనిది కాదు. ఇక్కడ వేట గిట్టుబాటు కాక గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలస వెళ్లే మత్స్యకారులు జిల్లాలో ఎంతోమంది. 2018 చివర్లో అలా వెళ్లి అరేబియా సముద్రంలో పాకిస్తాన్ అధికారులకు చిక్కినవారు 2020 జనవరికి గాని ఇంటిముఖం చూడలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసకు దగ్గరగా తీరం దాటినప్పుడు ఈ తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు కావాలి, అప్పటిదాకా ఇల్లు గడవాలి. అలాంటి ఇంట్లో పదిహేడేళ్లు దాటిన కుర్రాడు తెల్లవారకముందే లేచి పరుగుకు వెళ్తున్నాడంటే ఇంటిల్లిపాదీ ఆ పరుగు మీద లెక్కలు వేసుకుని ఉంటారు. అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు వయసు పదిహేడున్నర నుంచి 21 ఏళ్లు అన్నారు. అంటే ఒక కుర్రాడి చేతిలో ఉండేవి మూడు నాలుగు వానాకాలాలే.

ర్యాలీలో పరుగు లెక్క చాలా కఠినంగా ఉంటుంది. 1600 మీటర్లను అయిదున్నర నిమిషాల్లోపు ముగిస్తే 60 మార్కులు. మరో పదిహేను సెకన్లు ఎక్కువ పడితే 48. తొలి ర్యాలీల నుంచి అందరికీ కంఠతా వచ్చిన లెక్క ఇది. అయిదున్నర నిమిషాలంటే 400 మీటర్ల రౌండు ఒక్కొక్కటి 82 సెకన్ల చిల్లరలో తిరగాలి, నాలుగు రౌండ్లూ అలాగే తిరగాలి. పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో ఇదే దూరానికి పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు పదిన్నర నిమిషాల గడువు ఉంది. అది కొంత ఊపిరి పీల్చుకోనిస్తుంది. ఆర్మీ పరుగులో బురదలో ఒక్కసారి కాలు జారి సర్దుకుంటే పోయేది రెండు మూడు సెకన్లు కావచ్చు, ఆ రెండు మూడు సెకన్లే కొన్నిసార్లు పన్నెండు మార్కులు.

మరి వీళ్ల గ్రౌండ్ ఏది? భావనపాడు పిల్లలకైతే బీచ్. పాటు సమయంలో నీళ్లు వెనక్కి వెళ్లినచోట తడి ఇసుక గట్టిపడి, పాదానికి హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో అంతకన్నా మంచి నేల దొరకదు. నైరుతి గాలులు మొదలయ్యాక సముద్రం కోపంగా ఉంటుంది, అలలు పైపైకి వచ్చి ఆ గట్టి పట్టీని సన్నం చేసేస్తాయి. మిగిలేది కాలు కూరుకుపోయే పొడి ఇసుక, లేదంటే సముద్రం వైపు ఏటవాలుగా దిగిపోయే అంచు. ఏటవాలు మీద ఒకే దిక్కుకు రోజూ పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, మోకాలు, మడమ నొప్పులు అక్కడే పుడతాయి. వెళ్లినంత దూరం అదే అంచున వెనక్కి పరిగెత్తి రావడం దానికి ఉన్న చిన్న ఉపాయం. పైగా తీరంలో దూరం కొలిచినవారు లేరు. ఫోన్ చూపించే 1600 మీటర్లకూ స్టేడియం ట్రాక్ 1600 మీటర్లకూ తేడా వస్తే, ఇంటి దగ్గర 5 నిమిషాల 25 సెకన్లు చూసుకుని ధీమాగా వెళ్లిన కుర్రాడు అక్కడ 5:40 దగ్గర ఆగిపోతాడు.

బీచ్ వదిలితే నౌపడ వైపు ఉప్పు మడుల గట్లున్నాయి. వాన పడితే ఆ బంకమట్టి మీద నడవడమే కష్టం. హైస్కూలు మైదానాల్లో చాలావాటికి నీరు బయటికి పోయే దారి లేదు, పెద్ద వాన పడితే రోజుల తరబడి మడుగే. ఇక మిగిలింది తారు రోడ్డు. టెక్కలి, పలాస వైపు వాళ్లు జాతీయ రహదారి పక్కకు వెళ్తారు. తెల్లవారుజామున, వానలో, లారీల మధ్య పరుగు. డ్రైవరుకు అద్దం మీద నీళ్లు, పరిగెత్తేవాడి ఒంటి మీద నల్ల టీషర్టు. ఇంతకుమించి చెప్పనక్కర్లేదు.

వానలో గెలిచినవాళ్లు మనలో ఉన్నారు. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురిగా పెరిగిన జ్యోతి యర్రాజి 2023 జులైలో బ్యాంకాక్ ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణాన్ని తడిసిన ట్రాక్ మీదే గెలిచింది, 13.09 సెకన్లలో. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో మళ్లీ అదే పోటీ, అక్కడా వానే. జనం స్టాండ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆమె 12.96 సెకన్లలో ముగించి పోటీల రికార్డు రాసింది, ఆ ఖాళీ స్టేడియంలో జెండా ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకుంది. పది హర్డిళ్లు దాటే పోటీలో ప్రతి అడుగూ లెక్కే. తడి మీద ఆ లెక్క తప్పకపోవడం వెనక ఎన్నేళ్ల సాధన ఉందో పరిగెత్తేవాళ్లకు చెప్పక్కర్లేదు. విశాఖ అమ్మాయి సాధించింది భావనపాడు అమ్మాయికి అందనిదేమీ కాదు, ట్రాక్ ఉంటే.

ఇంకొకరి సంగతి ఇక్కడి పిల్లలకు తప్పక చెప్పాలి. 2018 ఏప్రిల్ 16న అమెరికాలో బోస్టన్ మారథాన్ జరిగిన రోజు గడ్డకట్టే చలి, ముఖానికి కొట్టే ఎదురుగాలి, కుండపోత వాన. పేరు మోసిన పరుగు వీరులు చాలామంది మధ్యలోనే తప్పుకున్నారు. గెలిచినవాడు జపాన్‌కు చెందిన యూకీ కవాచీ, 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లు. అతను అప్పటికి సైతామా అనే ప్రాంతంలో బడి ఆఫీసులో పనిచేసే ప్రభుత్వోద్యోగి. ఉద్యోగం చేసుకుంటూ, వాతావరణం ఎలా ఉన్నా తరచూ పోటీల్లో పరిగెత్తిన మనిషి. మహిళల్లో గెలిచిన డెస్ లిండెన్ పోటీ మొదట్లోనే వదిలేద్దామనుకుంది. తను ఎలాగూ ఆగిపోతానన్న ఉద్దేశంతో తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్ కోసం వేగం తగ్గించి సాయపడింది, చివరికి తనే 2:39:54తో మొదట వచ్చింది. మన వానకూ ఆ చలివానకూ పోలిక లేదు. అయినా పోటీ రోజు ఆకాశం ఎలా ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు, అన్ని ఆకాశాల కింద పరిగెత్తి చూసుకున్నవాడి కాళ్లు మాత్రం ఆ రోజు కంగారుపడవు.

కంగారుపడకుండా ఉండడానికి కావలసినవి పెద్ద ఖర్చువి కావు. తడి నేల మీద అంగ తగ్గించి, పాదం ఒంటి కిందికే పడేలా పరిగెత్తాలి. చాచి వేసిన అడుగే జారుతుంది. మలుపులో వేగం కోసం ఒరగకూడదు. ర్యాలీలో పెద్ద గుంపు ఒక్కసారిగా కదులుతుంది కాబట్టి మొదటి యాభై మీటర్లలో తోపులాటకు పోకుండా, రెండో రౌండు నుంచి వేగం పెంచడం సాధన చేయాలి. నూలు బనియను తడిస్తే బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది, పలచటి పాలిస్టర్ టీషర్టు మేలు. చంకలు, తొడలు ఒరుసుకుపోకుండా ఇంట్లో ఉండే కొబ్బరినూనె చాలు. ఒకటే జత షూ ఉన్నవాడు ఇంటికి రాగానే లోపలి అట్ట తీసి, షూ నిండా పాత పేపరు కుక్కి, రెండు మూడుసార్లు మారిస్తే మర్నాటికి ఆరుతుంది. పొయ్యి దగ్గర పెడితే అతుకు ఊడిపోతుంది. కొత్త షూను పోటీ రోజు తొలిసారి వేసుకోవడం, అందులోనూ వానలో, పాదాలు బొబ్బలెక్కించుకోవడమే. పాదానికి గాయం ఉన్నప్పుడు నిలవ నీళ్లలో దిగకూడదు, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకే కాలం ఇదే. వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టుకోవడం చాలామంది పట్టించుకోని పని. చెడిన వేళ్లతో పదిహేను రోజుల సాధన పోతుంది.

ఇవన్నీ సీనియర్లు జూనియర్లకు చెప్పుకోగలరు. ఇక చెప్పబోయేవి వాళ్లకు చెప్పేవారు లేనివి.

వాన పడుతోంది కాబట్టి ఒళ్లు చల్లగా ఉంటుంది, నీళ్లు అక్కర్లేదు అనే నమ్మకం మన తీరంలో గట్టిగా ఉంది. అది ప్రమాదం. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే చెమట ఆవిరి కావాలి. గాలి నిండా తేమ ఉన్నప్పుడు చెమట కారుతుందే గాని ఆరదు. వాన ఆగి ఎండ కాసిన గంటలో ఉక్క మరీ దారుణం. 2024 ఆగస్టు నెలాఖరులో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాలకు పది కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా యువకులు చనిపోయారు. 2025 జనవరిలో, అంత ఉక్క లేని రోజుల్లో కూడా, మచిలీపట్నంలో మన రాష్ట్ర కానిస్టేబుల్ అభ్యర్థి ఒకరు 1600 మీటర్ల పరుగులో కుప్పకూలి ప్రాణం విడిచారు. పరుగుకు ముందు గుండె, రక్తపోటు ఎవరు చూస్తున్నారన్నది ప్రతి ర్యాలీకీ ముందు వేయాల్సిన ప్రశ్న.

ఉద్దానంలో దానికి తోడు కిడ్నీ జబ్బు ఉంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇక్కడ పరీక్షించిన 2,210 మందిలో దాదాపు 18 శాతానికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది, వాళ్లలో ఎక్కువమందికి షుగరు, బీపీ వంటి తెలిసిన కారణమేదీ లేదు. కారణం ఇదీ అని వైద్యులు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్లు చాలకుండా వేడిలో ఒళ్లు వంచి పనిచేయడం, నొప్పి బిళ్లలు ఇష్టానుసారం మింగడం కిడ్నీని దెబ్బతీస్తాయన్నది మాత్రం తేలిన విషయమే. ఈ రెండూ మన రన్నర్ల జీవితంలో ఒకేచోట కలుస్తున్నాయి. పిక్కలు పట్టేస్తే మందుల షాపులో డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ అడిగి తెచ్చుకుని, వేసుకుని పరుగుకు దిగడం అన్నిచోట్లా ఉన్న అలవాటు. ర్యాలీ దగ్గరపడేకొద్దీ అది పెరుగుతుంది. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 80 కిలోమీటర్ల పరుగులో ఇబుప్రోఫెన్ వాడినవారిలో 52 శాతానికి, వాడనివారిలో 34 శాతానికి కిడ్నీ తాత్కాలికంగా దెబ్బతింది. వాళ్లు వేరే దేశాల్లో, ఆరోగ్యంగా ఉండి పరిగెత్తినవాళ్లు. నాన్నకో, పెదనాన్నకో డయాలసిస్ జరుగుతున్న ఇంటి నుంచి వచ్చి ఖాళీ కడుపుతో నొప్పి బిళ్ల మింగి ఉక్కలో పరిగెత్తే కుర్రాడి సంగతి ఆలోచించండి.

పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఈ పిల్లల ఊళ్ల దగ్గరే ఉంది. అక్కడి వైద్యులు ఏడాదికొకసారి, జూన్ మొదటి వారంలో, టెక్కలి, పలాస, సోంపేటల్లో అభ్యర్థులను కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడితే చాలు. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్ చూస్తే ఖర్చు కొద్దిపాటిదే. కొందరికి ఆ పరీక్షే జబ్బును ఏళ్ల ముందు పట్టిస్తుంది. నొప్పి బిళ్ల వేసుకుని పరిగెత్తకూడదు, నొప్పి ఉంటే ఆ రోజు ఆగాలి అన్న ఒక్క మాట వైద్యుడి నోటి నుంచి వినాలి. కోచింగ్ ఇచ్చేవాళ్లు చెబితే అది పిరికితనంగా వినిపిస్తోంది. పరుగుకు ముందూ తర్వాతా ఏం తాగాలో ఈ నేలకు ముందే తెలుసు. ఉప్పు కలిపిన గంజి, చోడంబలి, మజ్జిగ ఇక్కడి ఇళ్లలో పూట పూటా ఉండేవే. డబ్బాల్లో అమ్మే రంగుల పొడులకు డబ్బు తగలేయనక్కర్లేదు.

తర్వాత పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. చదునైన తీరంలో పరిగెత్తే మనిషే అక్కడ అన్నిటికన్నా ఎత్తైనది. వాన ఎక్కువైతే పిల్లలు తాటిచెట్టు కిందకో, కొబ్బరి తోటలోకో, సరుగుళ్లలోకో పరిగెడతారు, వెళ్లకూడని చోటు సరిగ్గా అదే. ఉరుము వినిపిస్తే పరుగు ఆపి పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల జాడ చెబుతుంది, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ కూడా హెచ్చరికలు పంపుతుంది. ఆ హెచ్చరిక గ్రామ సచివాలయం దగ్గర ఆగిపోకుండా తెల్లవారుజామున నాలుగున్నరకు బీచ్‌లో ఉన్నవారి ఫోన్లకు చేరాలి.

పక్కా భవనం ఎక్కడుంది అంటే, ఉంది. తీరప్రాంత గ్రామాల్లో తుఫాను షెల్టర్లు కట్టారు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు ఈ ప్రాంతం మీదుగానే వెళ్లింది, అలాంటి రోజుల కోసమే అవి. మిగతా రోజుల్లో వాటికి తాళం వేసి ఉంచడం ఎందుకు? ఉరుముల రోజున ఆ హాల్లో పుల్ అప్స్ రాడ్ ఒకటి బిగించి, నేల తుడిచి పెడితే సాధన ఆగదు. మెట్లు ఎక్కి దిగడం, స్క్వాట్లు, సాగదీతలు, తాడు దూకుడు అన్నీ అక్కడ చేయవచ్చు. తాళం చెవి ఊళ్లో ఎవరి దగ్గర ఉండాలో పంచాయతీ తేల్చగలదు. ఆదేశం మీ సంతకంతో రావాలి.

అమ్మాయిల మాట ప్రత్యేకంగా చెప్పాలి. పోలీసు ఉద్యోగానికి, మిలిటరీ పోలీసుకు సిద్ధమయ్యే అమ్మాయిలు ఈ మండలాల్లో ఏటా పెరుగుతున్నారు. తడిసిన బట్టలతో రోడ్డు వెంట ఇంటికి నడిచి రావాల్సి వస్తుందనే ఎంతోమంది వానాకాలంలో పరుగు మానేస్తారు. కుర్రాళ్లకు జూన్ మొదలైతే అమ్మాయిలకు అది ముగింపు అవుతోంది. షెల్టర్‌లో బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, గ్రౌండ్ దగ్గర ఒక లైటు, నమ్మకమైన మహిళా పీఈటీ ఒకరు ఉంటే ఆ రెండు నెలలు వాళ్లకు మిగులుతాయి.

అన్నిటికన్నా ముందు నేల. జిల్లా కేంద్రంలో కోడి రామమూర్తి పేరు పెట్టుకున్న స్టేడియం ఉంది, భావనపాడు నుంచి అక్కడికి వెళ్లి రావడానికి సగం రోజు పోతుంది. రోజూ అయ్యే పని కాదు. కోట్ల ఖర్చుతో సింథటిక్ ట్రాక్ అడగడం లేదు. టెక్కలి, పలాస, సోంపేట పరిధిలో ఒక్కో హైస్కూలు మైదానం ఎంచుకుని, అడుగున్నర ఎత్తు పెంచి, మధ్య నుంచి అంచులకు కాస్త వాలు ఇచ్చి, చుట్టూ కాలువ తీసి, పైన ఎర్ర గ్రావెల్ పరిచి రోలరుతో తొక్కిస్తే వాన వెలిసిన గంటకు పరుగుకు సిద్ధమవుతుంది. 400 మీటర్లకు చోటు లేకపోతే 200 మీటర్ల ట్రాక్ చాలు, కానీ టేపు పెట్టి కొలిచి, ప్రతి వందకూ రాయి పాతాలి. ఒక మూల తొమ్మిది అడుగుల గొయ్యి తవ్వి ఇసుకతో నింపితే ఆర్మీ పరీక్షలో ఉండే డిచ్ జంప్‌కు కూడా అదే గ్రౌండ్ పనికొస్తుంది. ఆటస్థలాల పనులు గ్రామీణ ఉపాధి నిధులతో చేపట్టిన అనుభవం రాష్ట్రానికి ఉంది. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఆ నిర్మాణం జరుగుతున్నది ఈ సంతబొమ్మాళి మండలంలోనే. సముద్రంలో బ్రేక్‌వాటర్ నిలబెట్టగలిగినచోట ఒక మైదానాన్ని అడుగున్నర ఎత్తు లేపడం కష్టమైన పని కాదు.

మట్టి పని వేసవిలో అయితేనే నిలుస్తుంది. మార్చిలో మొదలుపెడితే మే నెలాఖరుకు గ్రావెల్ సర్దుకుంటుంది, తొలకరికి గట్టిపడుతుంది. జూన్‌లో టెండరు పిలిస్తే ఇంకో బ్యాచ్ వయసు దాటిపోతుంది. వచ్చే మార్చికి ముందే మండల విద్యాధికారి, పంచాయతీరాజ్ ఇంజినీరు, ఒక మాజీ సైనికుడు కలిసి మూడు మైదానాలు చూసి రావాలని ఆదేశించండి. భావనపాడు బీచ్‌కు వాన పడుతున్న ఒక ఉదయం మీరే స్వయంగా రండి, అక్కడ పరిగెత్తేవాళ్లను అడిగితే ఏ మైదానం ముందు బాగుచేయాలో వాళ్లే చెబుతారు.